ఫ్లేమ్ ఏఏఎస్‌కి ఆటోశాంప్లర్ మనమే చేసుకోవచ్చా? కొటేషన్ చూసి కళ్లు తిరిగాయి

నాచారం_నీళ్లు
మాది నాచారంలో చిన్న నీటి పరీక్షల ల్యాబ్. నలుగురం పనిచేస్తాం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫ్లేమ్ ఏఏఎస్ (నీటిని తుంపరగా మంటలోకి పంపి అందులోని లోహాలు కొలిచే మెషీన్) ఒకటి ఉంది, ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఇబ్బందల్లా శాంపిల్ పెట్టడం దగ్గరే. రోజుకి 60 నుంచి 80 ట్యూబులు వస్తాయి, ఒక్కోదాంట్లో నాలుగైదు లోహాలు చూడాలి. మా ల్యాబ్ అమ్మాయి పొద్దున పదింటికి కూర్చుంటుంది. కేపిలరీ (మెషీన్‌లోకి శాంపిల్ లాగే సన్నటి గొట్టం) పట్టుకుని ట్యూబులో ముంచడం, రీడ్ బటన్ నొక్కడం, తీసి రింజ్ నీళ్లలో (కడిగే నీళ్లలో) పెట్టడం, మళ్లీ ఇంకో ట్యూబు. రోజుకి 300 సార్లు తక్కువ కాదు. పోయిన నెల మెడ పట్టేసి మూడు రోజులు సెలవు పెట్టింది. ఆ మూడు రోజులూ ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఆమె ఇన్నాళ్లూ ఏం మోసిందో అప్పుడు అర్థమైంది.

ఈ పని తనంతట తనే చేసే ఆటోశాంప్లర్‌కి ధర అడిగితే నాలుగున్నర లక్షలు, జీఎస్టీ అదనం అన్నారు. మెషీన్ మొత్తం కొన్నదే ఆరు లక్షలకి. పైగా మా మోడల్ పాతది కాబట్టి కేబుల్ పని వేరే ఖర్చు అట. ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి సన్నటి గొట్టాన్ని మార్చే చెయ్యికి అంత డబ్బా? ఎవరైనా సొంతంగా చేసుకున్నారా? ఎంత అయింది, ఎక్కడ దెబ్బతిన్నారు, దాచకుండా చెప్పండి.

స్టెప్పర్_సుమ
చేశాను. పాత త్రీడీ ప్రింటర్‌తో. ప్లాస్టిక్ కరిగించే తల పీకేసి, అక్కడ కేపిలరీ పట్టుకునే క్లిప్ పెట్టడమే. ఎక్స్, వై, జెడ్ మూడు దిక్కులా కదిలే చెయ్యి రెడీగా దొరికినట్టే. 220 బై 220 మి.మీ. బల్ల ఉన్న మామూలు ప్రింటర్ చాలు. 15 మి.లీ. ట్యూబు 17 మి.మీ. వెడల్పు ఉంటుంది, 24 మి.మీ. దూరంలో పెడితే 8 బై 8, మొత్తం 64 ట్యూబులు హాయిగా పడతాయి. ప్రింటర్ సెకండ్ హ్యాండ్‌లో 7 వేలకి తీసుకున్నాను, మిగతావన్నీ కలిపి మొత్తం 11 వేల లోపే.

కచ్చితత్వం గురించి టెన్షన్ వద్దు. 20 పళ్ల పుల్లీ, 2 మి.మీ. పళ్ల బెల్టు, మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు (స్టెప్పులు), మోటారుని నడిపే డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగుని 16 ముక్కలు చేస్తుంది. లెక్క వేస్తే మి.మీ.కి 80 చిన్న అడుగులు. ట్యూబు నోరు 14, 15 మి.మీ. ఉంటుంది. మనకి కావలసినదానికన్నా చాలా ఎక్కువ.

కోఠి_కుర్రోడు
ప్రింటర్ కొనక్కర్లేదు అన్నా. కోఠి గుజరాతీ గల్లీలో మోటార్లు, డ్రైవర్లు, బెల్టులు, రాడ్లు విడిగా దొరుకుతాయి. ఫ్రేమ్‌కి అల్యూమినియం సెక్షన్ రాణిగంజ్‌లో కోయించుకో.

స్టెప్పర్_సుమ
@కోఠి_కుర్రోడు దొరుకుతాయి నిజమే. కానీ ఆయన ల్యాబ్ నడుపుకోవాలి కదా, రెండు నెలలు ఫ్రేమ్ మూలలు సరిచేసుకుంటూ కూర్చోలేరు. తయారుగా ఉన్న ప్రింటర్ తీసుకుంటే ఆదివారం ఒక్కరోజులో కదలడం మొదలవుతుంది.

గాజుగొట్టం
ఒక జాగ్రత్త. చవక ప్రింటర్లలో బల్ల ముందుకీ వెనక్కీ కదులుతుంది. అంటే 64 ట్యూబుల నీళ్లూ ఊగుతాయి. నిండుగా పోస్తే పక్క ట్యూబులో చిందుతుంది. పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) లెక్కల్లో ఒక్క చుక్క చిందినా ఆ రోజు పని పోయినట్టే. బల్ల కదలని రకం చూసుకోండి, లేదంటే వేగం బాగా తగ్గించండి.

స్టెప్పర్_సుమ
అవును, నాకూ మొదటి రోజు చిందింది. ప్రింటర్‌కి ఇచ్చే ఎం204 కమాండ్‌తో యాక్సిలరేషన్ (వేగం పుంజుకునే జోరు) 200కి దించాను, ట్యూబుల్లో 10 మి.లీ. దాటి పోయడం మానేశాను. ఆ తర్వాత చిందలేదు.

మూసీ_ఒడ్డు
మరి మెషీన్‌కి "ఇప్పుడు చదువు" అని ఎవరు చెప్తారు? చెయ్యి ట్యూబులో మునుగుతుంది, బటన్ మాత్రం మనిషే నొక్కాలా?

ఉప్పల్_వైర్లు
దానికి సులువైన దారి ఉంది. ఏఏఎస్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది కదా. ఆర్డుయినో లియొనార్డో లాంటి చిన్న ప్రోగ్రామ్ బోర్డు యూఎస్‌బీకి పెడితే కంప్యూటర్ దాన్ని కీబోర్డ్ అనుకుంటుంది. చెయ్యి మునిగాక అది స్పేస్‌బార్ నొక్కినట్టు సిగ్నల్ పంపుతుంది. కంపెనీ కేబుల్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే పనే లేదు. మామూలు ఊనో బోర్డు మాత్రం కొనకండి, అది నేరుగా కీబోర్డ్‌లా పనిచేయదు.

కొన్ని పాత మెషీన్లకి వెనకాల రిమోట్ రీడ్ అని రెండు పిన్నులు ఉంటాయి. వాటిని చిన్న రిలేతో కలిపితే చాలు. మాన్యువల్ చూసి చేయండి, ఊహించి వైరు పెట్టకండి.

నాచారం_నీళ్లు
కీబోర్డ్ ఉపాయం చాలా బాగుంది! మా దాంట్లో ఎఫ్9 నొక్కితే రీడ్ అవుతుంది. మునిగాక ఎంతసేపు ఆగి నొక్కాలి?

ఉప్పల్_వైర్లు
కేపిలరీ లోపలి వెడల్పు, పొడవు చెప్పండి.

నాచారం_నీళ్లు
0.5 మి.మీ., చెయ్యి దాకా రావాలంటే 60 సెం.మీ. కావాలి. మా నెబ్యులైజర్ (నీటిని తుంపరగా మార్చే ముక్క) నిమిషానికి 5 మి.లీ. లాగుతుంది.

ఉప్పల్_వైర్లు
అంత గొట్టంలో పట్టేది 0.12 మి.లీ. కన్నా తక్కువే. నిమిషానికి 5 మి.లీ. అంటే ఒకటిన్నర సెకన్లలో శాంపిల్ బర్నర్ వైపు చేరిపోతుంది. స్ప్రే ఛాంబర్‌లో (తుంపర చేరే గదిలో) పాత తుంపర పోయి సిగ్నల్ స్థిరపడటానికి ఇంకో నాలుగైదు సెకన్లు. 7 సెకన్లు ఆగి, 3 సెకన్లు చదివించండి. కేపిలరీ పొడవు పెంచితే లాగే వేగం కూడా తగ్గుతుంది, కాబట్టి మెషీన్‌కి వీలైనంత దగ్గరగా ర్యాక్ పెట్టుకోండి.

రసాయనం_మాస్టారు
ఎత్తు కూడా చూసుకో నాయనా. ఫ్లేమ్‌లో పంపు ఉండదు, గాలి వేగమే నీటిని లాగుతుంది. స్టాండర్డ్‌లు (విలువ తెలిసిన ద్రావణాలు) బల్ల మీద, శాంపిళ్లు దానికి అరడుగు పైన పెడితే లాగే వేగం కొద్దిగా మారుతుంది, ఆ తేడా రీడింగ్‌లో కనిపిస్తుంది. స్టాండర్డ్, బ్లాంక్ (లోహం లేని నీళ్లు), శాంపిల్, రింజ్ అన్నీ ఒకే ర్యాక్‌లో, ఒకే మట్టంలో ఉండాలి.

భద్రం_భాస్కర్
అందరూ హుషారుగా చెప్తున్నారు. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. చెయ్యి పెట్టాక మనిషి లేచి టీకి వెళ్తాడు. అక్కడ మండేది ఎసిటిలీన్. మనిషి లేకుండా ఆ మంటని వదిలేస్తారా?

కోఠి_కుర్రోడు
కంపెనీ ఆటోశాంప్లర్ పెట్టినా అదే మంట కదా అన్నా.

భద్రం_భాస్కర్
ఏ కంపెనీ మాన్యువల్ చూసినా మంట వెలుగుతుండగా వదిలి వెళ్లొద్దనే ఉంటుంది తమ్ముడూ. డ్రెయిన్ యూ-ట్రాప్‌లో (నీళ్లతో గ్యాస్‌ని ఆపే వంపు గొట్టంలో) నీళ్లు తగ్గితే గ్యాస్ ఆ దారిన బయటికి వస్తుంది. బర్నర్ స్లాట్‌లో ఉప్పు పేరుకుంటే మంట వెనక్కి తన్నుతుంది. సిలిండర్ ప్రెషర్ 100 పీఎస్ఐ కిందికి దిగితే లోపలి ఎసిటోన్ లైనులోకి వస్తుంది. ఎసిటిలీన్ లైనులో రాగి గొట్టం పెట్టకూడదనే సంగతే తెలియని వాళ్లని నేను చూశాను. చెయ్యి చేసుకోండి, వద్దనను. ఆ అమ్మాయిని కుర్చీలోంచి లేపండి, గదిలోంచి మాత్రం పంపకండి.

నాచారం_నీళ్లు
భాస్కర్ గారూ, మాట ఇస్తున్నాను. మంట వెలుగుతున్నంతసేపూ గదిలో ఒకరు ఉంటారు. ఆమె పక్క బల్ల మీద టైట్రేషన్లు చేసుకుంటుంది. నాకు కావలసింది ఆమె మెడ నిటారుగా ఉండటమే.

నల్లగొండ_బోరు
నాది కొంచెం వేరే సమస్య. మాకు వచ్చే బోరు నీళ్లలో ఉప్పు చాలా ఎక్కువ. గంటకోసారి నెబ్యులైజర్ మూసుకుపోతుంది. వైరు పెట్టి పొడిచి పొడిచి కేపిలరీ చెడగొట్టుకున్నాను. నెబ్యులైజర్ కూడా మనమే చేసుకోవచ్చా?

భద్రం_భాస్కర్
ఫ్లేమ్‌కి వద్దు. గ్యాస్ కలిసే చోట ఇంట్లో కోసిన ముక్క పెట్టొద్దు. ఇందులో బేరం లేదు.

గాజుగొట్టం
ఫ్లేమ్ విషయంలో భాస్కర్ గారితో ఏకీభవిస్తాను. ఐసీపీ (మంట బదులు ఆర్గాన్ ప్లాస్మాతో లోహాలు కొలిచే మెషీన్) అయితే చేయవచ్చు, అక్కడ ఉండేది ఆర్గాన్, పేలేది కాదు. నేను చేశాను. వీ-గాడి నెబ్యులైజర్ అంటారు, బాబింగ్‌టన్ సూత్రం. మామూలు గాజు నెబ్యులైజర్‌లో శాంపిల్ సన్నటి గొట్టంలోంచి పోవాలి, అందుకే మూసుకుంటుంది. ఇందులో శాంపిల్ విశాలమైన గాడిలో జారుతుంది. గాడి మధ్యలో ఉన్న చిన్న రంధ్రంలోంచి గ్యాస్ మాత్రం తన్నుకొచ్చి నీటి పొరని తుంపరలు చేస్తుంది. ఆ రంధ్రంలోంచి శాంపిల్ పోదు కాబట్టి ఉప్పు నీళ్లకైనా మూసుకోవడం చాలా అరుదు.

టెఫ్లాన్ రాడ్ ముక్క తీసుకుని లేత్ మీద గాడి కోయించాను. రంధ్రానికి సర్క్యూట్ బోర్డులు తొలిచే డ్రిల్ బిట్ వాడాను. మొదటిసారి 0.2 మి.మీ. బిట్ విరిగిందని 0.3తో కొట్టాను. గ్యాస్ రెండింతలు దాటి పోయింది, ప్లాస్మా నిలబడనే లేదు. వెడల్పు ఒకటిన్నర రెట్లు అయితే వైశాల్యం రెండుంపావు రెట్లు అవుతుందని అప్పుడు గుర్తొచ్చింది. 0.2తో మళ్లీ చేశాక 40 పీఎస్ఐ దగ్గర నిమిషానికి ఒక లీటరు వచ్చింది. ఐసీపీకి కావలసింది దాదాపు అంతే.

ఐసీపీ_అక్క
ఆర్ఎస్‌డీ (ఒకే శాంపిల్ మళ్లీ మళ్లీ చదివితే రీడింగ్‌లు ఎంత చెదురుతాయో చెప్పే శాతం) ఎంత వచ్చింది?

గాజుగొట్టం
గాజు నెబ్యులైజర్‌తో 0.8 శాతం వచ్చేది, దీంతో 2.1. సన్నని పనికి గాజుదే. బురద, ఉప్పు శాంపిళ్లకి ఇది. టెఫ్లాన్ నీటిని తడవనివ్వదు కాబట్టి గాడిలో పొర సరిగ్గా పరుచుకోక చుక్కలు చుక్కలుగా జారుతుంది. గాడి లోపల సన్నటి ఎమరీ కాగితంతో గరుకు చేస్తే 3.5 నుంచి 2.1కి దిగింది.

రసాయనం_మాస్టారు
నల్లగొండ తమ్ముడికి ఫ్లేమ్‌లోనే ఒక ఉపాయం చెప్తాను, ఖర్చు ఇరవై రూపాయలు. నెబ్యులైజర్‌ని ముట్టుకోవద్దు. కేపిలరీ చివర చిన్న టెఫ్లాన్ గరాటు పెట్టు. మైక్రోపిపెట్‌తో 100 మైక్రోలీటర్లు అందులో వదులు. ఆ చుక్క ఒక్క గుక్కలో లోపలికి పోతుంది, స్థిరమైన సిగ్నల్ బదులు చిన్న పీక్ (శిఖరంలా లేచి దిగే సిగ్నల్) వస్తుంది. మెషీన్‌ని పీక్ హైట్‌లో పెట్టి చదువు. ఉప్పు నీళ్లు మి.లీ.ల కొద్దీ పోతే కదా బర్నర్ మూసుకునేది. 100 మైక్రోలీటర్లు పోయి వెంటనే గాలి తగిలితే పేరుకునే సమయమే ఉండదు. 90ల్లో మాకు బర్నర్ శుభ్రం చేసే ఓపిక లేక ఇదే చేసేవాళ్లం.

శాంపిల్ పెట్టే విధానంలోనే సగం తెలివి ఉంది. 1970లో డెల్వ్స్ అనే ఆయన రక్తంలో సీసం చూడటానికి చిన్న నికెల్ గిన్నెలో 10 మైక్రోలీటర్ల రక్తం ఆరబెట్టి, ఆ గిన్నెని తిన్నగా మంటలోకి తోశాడు. నెబ్యులైజరే లేదు. పిల్లల వేలి కొసన తీసిన చుక్కతో సీసం విషం పట్టుకోగలిగారు.

నల్లగొండ_బోరు
మాస్టారూ, గరాటు రేపే పెడతాను. 100 మైక్రోలీటర్ల పిపెట్ ఉంది మా దగ్గర.

కోఠి_కుర్రోడు
పొగమంచు చేసే చిన్న డిస్కులు ఉంటాయి కదా, హ్యుమిడిఫయర్లలో వాడేవి. 24 వోల్టులవి, కోఠిలో 250 రూపాయలు. అల్ట్రాసోనిక్ నెబ్యులైజర్ అని లక్షల్లో అమ్మేది కూడా అదే కదా?

ఐసీపీ_అక్క
సూత్రం అదే. ఆ డిస్కులు ఎక్కువగా 1.7 మెగాహెర్ట్జ్‌వి. తుంపర సైజు లెక్కగట్టే లాంగ్ సూత్రంలో వేస్తే నీటి తుంపర 3 మైక్రాన్ల దగ్గర వస్తుంది. చాలా మంచి సైజు, 10 మైక్రాన్లు దాటినవే స్ప్రే ఛాంబర్‌లో రాలిపోయేది. మామూలు నెబ్యులైజర్‌తో ఐసీపీకి చేరేది శాంపిల్‌లో ఒకటి రెండు శాతమే అని గుర్తుంచుకోండి, మిగతాదంతా డ్రెయిన్‌కే పోతుంది.

కానీ మూడు చిక్కులు. తుంపర ఎక్కువ అయితే నీటి ఆవిరి కూడా ఎక్కువ, ప్లాస్మా చల్లారిపోతుంది. అందుకే కొనే పరికరాల్లో ముందు వేడి గొట్టం, తర్వాత చల్లటి కండెన్సర్ ఉంటాయి, ధరలో పెద్ద భాగం అదే. రెండోది, డిస్కు చుట్టూ లోహం ఉంటుంది, 2 శాతం నైట్రిక్ యాసిడ్ తగిలితే అందులోని లోహాలే మన శాంపిల్‌లో కనిపిస్తాయి. డిస్కుకీ శాంపిల్‌కీ మధ్య నీళ్లు, సన్నటి ప్లాస్టిక్ పొర పెట్టాలి. మూడోది, నీళ్లు లేకుండా డిస్కు నడిస్తే కాసేపట్లోనే కాలిపోతుంది. పిల్లలకి నేర్పించడానికి అద్భుతంగా ఉంటుంది. రిపోర్టు మీద సంతకం పెట్టే పనికి నేను వాడను.

ఓయూ_పరిశోధన
నేను తార్నాకలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాకు పంపు కావాల్సి వచ్చి సిరింజి పంపు ప్రింట్ చేసుకున్నాం. 2014లో మిషిగన్ టెక్ వాళ్లు ప్లాస్ వన్‌లో డిజైన్ మొత్తం ఉచితంగా పెట్టారు, దాని ఆధారంగానే చేశాం. ఒక మోటారు, ఒక మరలున్న రాడ్, రెండు స్టీల్ కడ్డీలు, మిగతాది ప్రింట్. తూకం వేసి చూస్తే 1 మి.లీ.కి ఒక శాతం లోపు తేడాతో ఇస్తోంది. పెరిస్టాల్టిక్ పంపు (రోలర్లతో ట్యూబుని నొక్కుతూ నీళ్లు తోసేది) కూడా ప్రయత్నించాం, మూడు రోలర్లది. సిగ్నల్ అలలు అలలుగా వచ్చింది.

గాజుగొట్టం
రోలర్లు పెంచండి, ఎనిమిది పది ఉంటే అల చిన్నదవుతుంది. సన్నటి ట్యూబు పెట్టి వేగంగా తిప్పండి, అప్పుడు అల దగ్గర దగ్గరగా వచ్చి చదివే సమయంలో సరాసరి అయిపోతుంది. పని అయ్యాక బిగింపు వదులు చేయడం మరవొద్దు, రాత్రంతా నొక్కి ఉంచితే పొద్దునకి ట్యూబు చపాతీలా చదునైపోతుంది.

ఐసీపీ_అక్క
అసలు విషయానికి వస్తాను. నాచారం అన్నా, నువ్వు చేయబోయే ముందు ఇది చదువు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఇలాగే సొంతంగా చెయ్యి చేసుకున్నాం. రెండు నెలలు బాగా నడిచింది. ఒకరోజు కేపిలరీ ర్యాక్ మూలకి చిక్కుకుని చెయ్యిని పట్టి లాగింది. మోటారు కొన్ని అడుగులు జారింది. ఆ మోటారుకి తను జారినట్టు తెలియదు, తన లెక్క ప్రకారం తను సరైన చోటే ఉంది. అక్కణ్నుంచి ప్రతిసారీ ట్యూబుల మధ్య ఖాళీలో దిగింది.

అక్కడ ఏముంటుంది? గాలి. గాలి లాగితే రీడింగ్ ఎంత? సున్నా. సీసం సున్నా, కాడ్మియం సున్నా, అన్నీ "డిటెక్షన్ లిమిట్ (మెషీన్ పట్టుకోగలిగే కనీస మోతాదు) కన్నా తక్కువ". 22 శాంపిళ్లు పరిశుభ్రంగా పాసయ్యాయి. మధ్యాహ్నం ర్యాక్ ఎత్తిన అబ్బాయి ట్యూబుల్లో నీటి మట్టం తగ్గలేదని గమనించబట్టి ఆ రిపోర్టులు బయటికి పోలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీళ్లలో సీసానికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకి 0.01 మి.గ్రా. దాన్ని చూడటానికే పెట్టిన మెషీన్ గాలిని చూసి "నీళ్లు మంచివి" అంది.

మూసీ_ఒడ్డు
చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

నాచారం_నీళ్లు
అక్కా, ఇది నా బుర్రకి తట్టనే లేదు. మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె ఒక్క మాట చెప్పింది: "గాలి లాగితే చప్పుడు మారుతుంది కదా సార్, ఈల వేసినట్టు వస్తుంది. నేను ఎప్పుడూ ట్యూబు చూసి ముంచను, చప్పుడు విని ముంచుతాను." నాలుగేళ్లుగా ఆమె చెవి చేస్తున్న పని మాకెవరికీ తెలియదు.

ఐసీపీ_అక్క
అదే అసలు సంగతి. చెయ్యి 11 వేలకి వస్తుంది. ఆ చెవిని కూడా కట్టాలి.

ఉప్పల్_వైర్లు
కట్టవచ్చు, 60 రూపాయల్లో. స్లాట్ ఆకారంలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు దొరుకుతాయి, ఒకవైపు వెలుగు, ఇంకోవైపు కన్ను. పారదర్శకమైన ఎఫ్ఈపీ (టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్) గొట్టాన్ని ఆ సందులోంచి పోనివ్వండి. గొట్టంలో నీళ్లుంటే వెలుగు ఒకలా వంగుతుంది, గాలి ఉంటే ఇంకోలా, సెన్సర్ వోల్టేజీ మారుతుంది. కొన్ని సెలైన్ పంపుల్లో గాలి బుడగ పట్టుకునేది కూడా ఇలాంటి ఉపాయమే. బోర్డుకి ఒక్కటే షరతు రాయండి: నీళ్లు కనిపించకపోతే రీడ్ నొక్కకూడదు, బజర్ మోగించి ఆగిపోవాలి. బయటి వెలుతురు పడకుండా నల్ల టేపు చుట్టండి.

స్టెప్పర్_సుమ
నేను ఇన్నాళ్లూ ఇది లేకుండా నడిపాను. ఈ శనివారమే పెడతాను. ఇంకోటి కలపండి: ప్రతి 10 శాంపిళ్లకీ చెయ్యి మూలకి వెళ్లి లిమిట్ స్విచ్‌ని తాకి తన స్థానం మళ్లీ చూసుకోవాలి. తాకాల్సిన చోట తాకకపోతే ఆగిపోవాలి.

రసాయనం_మాస్టారు
ర్యాక్‌లో కాపలా ట్యూబులు కూడా పెట్టు. విలువ తెలిసిన స్టాండర్డ్‌ని ఎప్పుడూ ఒకే వరసలో కాకుండా 17వ చోట ఒకటి, 38వ చోట ఒకటి, చివరన ఒకటి. అక్కడ ఆ విలువ రాకపోతే ఆ ర్యాక్ మొత్తం మళ్లీ చదవాలి. సెన్సర్ నీళ్లున్నాయని మాత్రమే చెప్తుంది, అవి ఎవరి నీళ్లో కాపలా ట్యూబు చెప్తుంది.

నివేదిక_నరేశ్
ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్లు ఒప్పుకుంటారా ఇవన్నీ? ఇంట్లో చేసిన చెయ్యి చూసి ఆడిటర్ ఏమంటాడు?

ఐసీపీ_అక్క
ల్యాబుల ప్రమాణమైన ఐఎస్ఓ 17025లో సొంతంగా చేసిన పరికరం వాడకూడదని ఎక్కడా లేదు. పని మొదలుపెట్టే ముందు అది కావలసిన పనికి సరిపోతుందని నిరూపించమంటుంది, సొంత ప్రోగ్రామ్ అయితే దాన్నీ పరీక్షించి రాసిపెట్టమంటుంది. మనిషి చేత్తో చదివిన 30 శాంపిళ్లు, యంత్రం చెయ్యితో చదివిన అవే 30, పక్కపక్కన పెట్టు. క్యారీఓవర్ (ముందు శాంపిల్ మిగులు తర్వాతిదాంట్లో కలవడం) పరీక్ష, పదిసార్లు చదివిన ఆర్ఎస్‌డీ, బజర్ మోగిన రికార్డు, ప్రోగ్రామ్ ఏ వెర్షనో, ఎప్పుడు మార్చావో. ఇదంతా ఫైల్లో ఉంటే ధైర్యంగా చూపించవచ్చు. ఫైలు లేకపోతే నాలుగున్నర లక్షలది పెట్టినా అడుగుతారు.

గాజుగొట్టం
రింజ్ గిన్నె గురించి ఎవరూ చెప్పలేదు. గ్లాసులో నీళ్లు పెట్టి 300 సార్లు ముంచితే సాయంత్రానికి ఆ నీళ్లే శాంపిల్ అవుతాయి. పొంగే గిన్నె చేయండి: చిన్న గిన్నెలోకి అడుగు నుంచి చిన్న పంపుతో శుభ్రమైన నీళ్లు ఎక్కించాలి, పైనుంచి పొంగి బయటి గిన్నెలో పడి డ్రెయిన్‌కి పోవాలి. కేపిలరీకి ఎప్పుడూ కొత్త నీళ్లే తగులుతాయి.

కేపిలరీని నిటారుగా పట్టే కడ్డీకి స్టీల్ సూది వాడకండి, యాసిడ్‌లో క్రోమియం, నికెల్ వదులుతుంది. పాలీప్రొపిలీన్ పిపెట్ టిప్‌లోంచి కేపిలరీ దూర్చండి, సరిపోతుంది. ప్రింటర్ రాడ్లు కూడా యాసిడ్ ఆవిరికి ఆరు నెలల్లో తుప్పు పడతాయి, ఆ తుప్పు కింద ట్యూబుల్లో రాలితే ఐరన్ రీడింగ్ చూసి భయపడతారు. వారానికోసారి తుడిచి నూనె రాయండి, అదీ ట్యూబులు తీసేశాకే. పైన అక్రిలిక్ మూత పెట్టండి.

తార్నాక_వనజ
ర్యాక్‌కి త్రీడీ ప్రింట్ కూడా అక్కర్లేదండీ. నేను 6 మి.మీ. అక్రిలిక్ షీటు మూడు అంతస్తులుగా లేజర్ కటింగ్ చేయించాను, మధ్యలో నాలుగు స్తంభాలు. మా అత్తయ్య చూసి "ఇడ్లీ స్టాండులా ఉందే" అన్నారు. నిజానికి ఆవిడ ఇడ్లీ స్టాండు చూసే గీశాను! రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది కదా, 2023లో తెరిచారు, లేజర్ కటర్లు, ప్రింటర్లు అక్కడ ఉంటాయి. ఇంట్లో మెషీన్లు లేనివాళ్లు కనుక్కోండి.

కోఠి_కుర్రోడు
ఇడ్లీ స్టాండు ర్యాక్ ఫొటో పెట్టండి వనజక్కా, మేమూ చేస్తాం 😀

నాచారం_నీళ్లు
ఐదు వారాలైంది, చెప్పడానికి వచ్చాను. చెయ్యి నడుస్తోంది.

ప్రింటర్ 6,500, లియొనార్డో బోర్డు, సెన్సర్, బజర్, రింజ్ పంపు, అక్రిలిక్ అన్నీ కలిపి 13,800 అయింది. మొదటి వారమంతా వట్టి నీళ్లతో, మంట లేకుండా నడిపాం. మూడో రోజు సెన్సర్ నీళ్లు ఉన్నా లేవని మోగింది, కిటికీ వెలుతురు పడుతోంది. నల్ల టేపు చుట్టాక సరైంది. రెండో వారం కావాలనే ర్యాక్‌ని 12 మి.మీ. జరిపి చూశాం. మొదటి ట్యూబు దగ్గరే బజర్ మోగి ఆగిపోయింది. ఐసీపీ అక్కా, ఆ చప్పుడు విన్నప్పుడు మీరే గుర్తొచ్చారు.

రాగి 2 పీపీఎం స్టాండర్డ్ పదిసార్లు చదివితే మనిషి చేత్తో ఆర్ఎస్‌డీ 1.6 శాతం, యంత్రం చెయ్యితో 0.9. మనిషి ఒకసారి 6 సెకన్లు, ఒకసారి 9 సెకన్లు ఆగుతాడు, ఇది ఎప్పుడూ 7 సెకన్లే. 5 పీపీఎం తర్వాత బ్లాంక్ పెడితే మొదట్లో 0.04 వచ్చేది. పొంగే గిన్నెలో ఆగే సమయం 4 నుంచి 8 సెకన్లకి పెంచాక పోయింది.

భద్రం_భాస్కర్
యూ-ట్రాప్?

నాచారం_నీళ్లు
ప్రతి ర్యాక్‌కి ముందు చూసి, సంతకం పెట్టాకే మంట వెలిగిస్తాం. ఆ రిజిస్టర్ కొత్తగా మొదలుపెట్టాం.

నల్లగొండ_బోరు
మాస్టారి గరాటు నా దగ్గర పనిచేసింది. మొత్తం రోజులో బర్నర్ ఒక్కసారే శుభ్రం చేశాను. కాకపోతే పీక్ ఎత్తు పిపెట్ ఎలా వదిలామన్నదాని మీద ఊగుతోంది.

రసాయనం_మాస్టారు
గరాటు ఖాళీ అయ్యి రెండు సెకన్లు గాలి లాగాకే తర్వాతి చుక్క వదులు. పిపెట్ కొస గరాటు గోడకి తగలనివ్వు. ఒకే మనిషి చేయాలి.

ఐసీపీ_అక్క
నాచారం అన్నా, ప్రోగ్రామ్, క్లిప్ డ్రాయింగ్ ఇక్కడ పెట్టగలవా? జీడిమెట్లలో మా ఫ్రెండ్ ల్యాబ్‌లో ఇద్దరు ఇంకా చేత్తోనే ముంచుతున్నారు.

నాచారం_నీళ్లు
ఈ రాత్రికి పెడతాను. క్లిప్ డ్రాయింగ్ మా అమ్మాయి గీసింది, కేపిలరీ ఏ కోణంలో వంగకూడదో ఆమెకే బాగా తెలుసు. సెన్సర్ హద్దు నంబరు మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవాలి. మా దాంట్లో గాలికి 710, నీళ్లకి 340 వస్తోంది, 500 దగ్గర పెట్టాం. గొట్టం మారిస్తే మళ్లీ చూడాలి.

ఉప్పల్_వైర్లు
రోజూ పొద్దున ఒకసారి గాలి, ఒకసారి నీళ్లు చదివించి ఆ రెండు నంబర్లూ రిజిస్టర్‌లో రాయించండి. గొట్టం లోపల మరక పడితే 340 మెల్లగా పైకి పాకుతుంది.

నాచారం_నీళ్లు
రాయిస్తాను. యూ-ట్రాప్ సంతకం పక్కనే ఇంకో గడి గీస్తున్నాను.